మేయర్ పేరు దగ్గరే ఆగిపోకు

అమ్మలూ,

నీకూ అల్లుడికీ ఆశీస్సులు. సిటిజన్‌షిప్ ప్రమాణం అయిందని తెలిసి చాలా సంతోషించాను. ఈ 2026 అక్టోబర్ 17, శనివారం నాడు ఇక్కడ కెనడాలో, మన సర్రే ఊరి ఎన్నికల్లో నీ మొదటి ఓటు. అల్లుడిది ఇంకా పీఆరే (శాశ్వత నివాసమే, పౌరసత్వం కాదు) కాబట్టి అతనికి ఓటు లేదు. ఇంటి తరఫున ఉన్నది నీ ఒక్క ఓటే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర కార్పొరేటర్‌కి ఓటేస్తాం, మేయర్‌ని ఆ కార్పొరేటర్లే ఎన్నుకుంటారు. ఇక్కడ మేయర్‌ని నువ్వే నేరుగా ఎన్నుకోవాలి. పైగా సర్రేలో వార్డులు లేవు. ఊరు మొత్తానికి కలిపి ఎనిమిది మంది కౌన్సిలర్లు, బ్యాలెట్‌లో ఆ తర్వాత ఆరుగురు స్కూల్ ట్రస్టీలు, అంటే బడులు చూసుకునే స్కూల్ బోర్డు సభ్యులు. బ్యాలెట్ చాంతాడంత ఉంటుంది, కంగారు పడకు. కౌన్సిలర్లలో ఎనిమిది మందికి మించి గుర్తు పెడితే ఆ భాగంలో నీ ఓటు మొత్తం చెల్లదు. తక్కువ పెడితే మాత్రం ఏమీ కాదు. నీకు నమ్మకం ఉన్న నలుగురికే వేసి వచ్చేయ్. లెక్క నింపాలని ముక్కూ మొహం తెలియని వాళ్లకి వేస్తే, నువ్వు గెలవాలనుకున్న మనిషినే ఆ ఓటు వెనక్కి నెట్టొచ్చు.

పేర్ల పక్కన పార్టీల పేర్లు కూడా కనిపిస్తాయి. అవి దేశ రాజధాని ఒట్టావాలో ఉండే పార్టీలు కావు, ఈ ఊరి ఎన్నికల కోసం పెట్టుకున్నవి. వాటిని చూసి గుడ్డిగా వేయకు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ‘మన వాళ్లే, వేసేయండి’ అని వచ్చినా అంతే. ముందు ఆ మనిషి ఏం చేస్తానంటున్నాడో చదువు.

ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనుకోకు. 2022లో మేయర్ పోటీలో బ్రెండా లాక్ అప్పటి మేయర్ డగ్ మెకాలమ్‌పై గెలిచింది వెయ్యి ఓట్ల లోపు తేడాతోనే. ఆ పోటీ అంతా పోలీసుల గురించి. ఆర్‌సీఎంపీ (కెనడా కేంద్ర పోలీసులు) ఉండాలా, ఊరికి సొంత పోలీసులు కావాలా అని ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చివరికి ప్రావిన్స్ (రాష్ట్ర) ప్రభుత్వం కలగజేసుకుంది. 2024 నవంబర్ చివర్లో బాధ్యత ఊరి సొంత పోలీసులైన సర్రే పోలీస్ సర్వీస్ చేతికి వచ్చింది. ఆ ఖర్చు మన ఇంటి పన్నులో కూడా కనిపించింది.

ఇక ట్రస్టీలు. నేను అసలు చెప్పాలనుకున్నది వీళ్ల గురించే. చాలామంది మేయర్‌కి వేసి, తెలిసిన కౌన్సిలర్లకి గుర్తు పెట్టి, ఈ భాగం ఖాళీగా వదిలేసి వచ్చేస్తారు. నీ పాప క్లాసు పోర్టబుల్‌లో, అంటే బడి ఆవరణలో పెట్టిన తాత్కాలిక గదిలో ఉంది కదా. వాన పడుతుంటే హుడ్ వేసుకుని, బాత్రూమ్ కోసం మెయిన్ బిల్డింగ్ దాకా పరుగెత్తుతోందని నువ్వే చెప్పావు. కొత్త బడికి డబ్బు ఇచ్చేది విక్టోరియాలో ఉన్న ప్రావిన్స్ ప్రభుత్వం. కానీ ఏ బడి ముందు కావాలో వరస రాసి పంపేది ట్రస్టీలుండే స్కూల్ బోర్డే. ఏ వీధి ఏ బడి కిందికి వస్తుందో నిర్ణయించేది, సూపరింటెండెంట్‌ని నియమించేది, పోర్టబుల్స్‌కి తన బడ్జెట్‌లోంచి డబ్బు సర్దేది కూడా బోర్డే. కాబట్టి ‘నేను గెలిస్తే కొత్త బడి కట్టిస్తా’ అనే వాళ్లని అంతగా నమ్మకు. ‘మా పేట బడి మీ వరసలో ఎక్కడుంది? క్యాచ్‌మెంట్ (బడి కిందికి వచ్చే వీధులు) మార్చేటప్పుడు తల్లిదండ్రులకి ఎంత ముందు చెప్తారు?’ అని అడుగు. ఈమెయిల్ పెట్టు, ఫోన్ చెయ్యి. ఇక్కడ ట్రస్టీకి నిలబడిన వాళ్లు చాలావరకు వాళ్లే మాట్లాడతారు. అభ్యర్థులందరూ ఒకచోట కూర్చునే మీటింగ్ పెడితే పాపని కూడా తీసుకెళ్లు. సిటీ బడ్జెట్ వేరు, బడుల బడ్జెట్ వేరు. మేయర్‌ని పట్టుకుని బడి గురించి అడిగితే మాటలు తప్ప ఏమీ దొరకవు.

వెళ్లేటప్పుడు రెండు గుర్తింపు కాగితాలు పట్టుకెళ్లు, వాటిలో ఒకదాని మీద నీ సంతకం ఉండాలి. డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు కార్డు చాలు. లిస్టులో పేరు లేకపోయినా టెన్షన్ పడకు, అక్కడికక్కడే నమోదు చేసి ఓటు వేయనిస్తారు. నువ్వు ఎంచుకున్న పేర్లు చిన్న చీటీ మీద రాసుకెళ్లు, లోపల గుర్తుకు రావు. ఓటింగ్ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. ఆ శనివారం కుదరదనుకుంటే అక్టోబర్ 7న ముందస్తు ఓటింగ్ ఉంది. ఆ సాయంత్రం పాపని మా ఇంట్లో వదిలి వెళ్లు, నేను ఖాళీయే.

మీ పెద్దమ్మ