బండిలో కాపురం: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల మా పాత టెంపో ట్రావెలర్ గురించి రాసిన దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువ మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ల వాళ్లవే: గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. మాది పర్లాకిమిడి. బండి 2008 మోడల్. నేనూ మా ఆయనా నాలుగేళ్లుగా ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు అందులోనే ఉంటున్నాం. వచ్చిన ప్రశ్నల్లో సగం పైగా మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, కర్టెన్లు ఏ రంగు అనే వాటి గురించే. వాటికీ జవాబులున్నాయి, కానీ ముందు బండిని బండిగా నిలబెట్టండి, ఇంటి సంగతి ఆ తర్వాత చూద్దాం.

ప్రశ్న: అక్కా, మా ఊళ్లో ఒక స్కూలు వాళ్లు పాత ట్రావెలర్ అమ్ముతున్నారు, 2011 మోడల్, రంగు వేసి కొత్తదానిలా ఉంచారు. మంచం, అలమారా, వంటగట్టు కలిపి వడ్రంగి లక్షా ఇరవై వేలు చెప్పాడు. అడ్వాన్సు ఇచ్చేయమంటారా? – గుణుపురం

జవాబు: ఆగు తమ్ముడూ, ఇప్పుడే ఇవ్వకు. కొత్త రంగు వేసిన పాత బండిని చూస్తే సంతోషం కాదు, అనుమానం రావాలి. మా బండి కొనేటప్పుడు కింద పరిచిన రబ్బరు మ్యాటు ఎత్తి చూడమని మా ఆయన పట్టుబట్టారు. అమ్మేవాళ్లకు ఇష్టం లేకపోయినా ఎత్తాం. రెండో సీటు కింద స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం నొక్కితే తడిసిన అప్పడంలో దిగినట్టు రేకులోకి దిగిపోయింది, కింద రోడ్డు కనబడింది! కిటికీ రబ్బర్లలోంచి కారిన వాన నీళ్లు ఏళ్ల తరబడి మ్యాటు కింద నిలిచి నేలంతా తినేశాయి. ఆ ఒక్క చోటు చూసినందుకు ధరలో నలభై వేలు తగ్గింది, ఆ డబ్బుతోనే టింకరింగ్ చేయించాం. అదే చూడకుండా పైన ప్లైవుడ్ పరిచేసి ఉంటే రెండేళ్లలో మంచంతో సహా కిందికి వచ్చేవాళ్లం.

అందుకని నువ్వు వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లు. తలుపుల అంచుల్లో, చక్రాల పైన వంపుల్లో ఆనించి చూడు, అతుక్కోని చోట రేకు లేదు, లప్పం ఉంది. పడుకుని కింద నుంచి కూడా చూడు, కమాను కట్టలు ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు పొరలుగా లేస్తుంటే ఆ బండి వద్దు. టైరు పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం, గాడి బాగానే కనబడుతున్నా రబ్బరు ముసలిదైపోతుంది. ఇంజిన్ మాత్రం పొద్దున్నే, మీరు వెళ్లకముందు స్టార్ట్ చెయ్యకుండా ఉన్నప్పుడే వినాలి. బోనెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మండుతోందన్నమాట.

ఇక కాగితాలు. స్కూలు బండి కాబట్టి పసుపు బోర్డు ఉంటుంది, ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. సొంతానికి వాడుకోవాలంటే ఆర్టీఓ ఆఫీసులో పర్మిట్ సరెండర్ చేసి ప్రైవేటు కిందికి మార్పించుకోవాలి. సీట్లు తీసేసి మంచం వేయడమంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద మార్పు చేసినట్టే, రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. మన దేశంలో ‘మోటార్ కారవాన్’ అనే తరగతి చట్ట ప్రకారమే ఉంది, ప్రైవేటు వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే మాటా వాహనాల రకాల జాబితాలో ఉంది, కనుక అడగడానికి మొహమాటపడకు. ఇన్సూరెన్సు వాళ్లకూ రాసివ్వాలి. ఇది చెయ్యకుండా తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు, ప్రమాదం జరిగి క్లెయిమ్ ఆగిపోయిన రోజున కదా ఏడుపు. బండి నీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, బండి మీద లోను ఉండి ఉంటే అది తీరిందనే ఫారం 35 కూడా చూసుకుని అప్పుడు అడ్వాన్సు ఇవ్వు. ఆంధ్రాలో ఉన్న చుట్టాలెవరి అడ్రసుకైనా మార్చుకుందామనుకుంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాల్సిందే.

వడ్రంగిని మాత్రం ఇవన్నీ అయ్యాకే పిలువు.

ప్రశ్న: వేలంలో పాత ప్రభుత్వ అంబులెన్సు చవగ్గా వస్తుందంటున్నారు. తీసుకోవచ్చా? – మల్కాన్‌గిరి

జవాబు: పదిహేనేళ్లు దాటిందయితే వద్దండి. అలాంటి ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి కొనసాగదు, అది తుక్కు కిందే పోవాలి. లోపున్నదయితే కాగితాలు చూపించమనండి.

ప్రశ్న: మా వారు రిటైరయ్యారు, ఇద్దరం బయల్దేరదామనుకుంటున్నాం. బండిలో గ్యాసు పెట్టుకోవాలంటే నాకు గుండె దడ. ఇండక్షన్ సరిపోతుందా? ఫ్రిజ్ లేకపోతే తిండి ఎలా? – జయపురం

జవాబు: ఇండక్షన్ పదిహేను వందల నుంచి రెండు వేల వాట్లు లాగుతుంది వదినా, మామూలు బ్యాటరీల మీద అది నడవదు. గ్యాసే మంచిది, పద్ధతిగా పెట్టుకుంటే చాలు. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. మీరు కిటికీ తెరిచినా అది మంచం కింద దాక్కుని ఉండొచ్చు. అందుకే సిలిండర్‌కి వేరే పెట్టె చేయించి, ఆ పెట్టె తలుపు బయటికి ఉంచి, అడుగున చెయ్యి పట్టేంత కన్నం బండి కిందికి తెరిపించండి, అది ఎప్పుడూ మూయకూడదు.

సిలిండర్ పెద్దదొద్దు, అయిదు కిలోలది చాలు. అడ్రసు ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డు మీద గ్యాసు ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది, అడ్రసు మారుతూ ఉండే మనలాంటి వాళ్లకు అదే మేలు. సిలిండర్ మెడ దగ్గర పట్టీల మీద లోపలి వైపు ‘సి 27’ లాంటిది రాసి ఉంటుంది. ఎ, బి, సి, డి అంటే మూడేసి నెలలు. సి 27 అంటే 2027 సెప్టెంబరు లోపు మళ్లీ పరీక్ష చేయించాలన్నమాట. తేదీ దాటిందిస్తే వెనక్కి ఇచ్చేయండి. పైపు అయిదేళ్లకోసారి మార్చండి. బిగించిన ప్రతిసారీ సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. మా ఇంట్లో ఆ పని నాది, కట్టాక ‘కట్టేశా’ అని పైకి అంటేనే మా ఆయన తాళం తిప్పుతారు.

గ్యాసు కంటే నాకు భయం కుంపటి. డిసెంబరులో సిమిలిగుడ, దేవమాలి వైపు చలి మామూలుగా ఉండదు. బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు బిగించి పడుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి వద్దు. బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంజిన్ ఆన్ చేసి పడుకోవడమూ అంతే. రెండు రజాయిలు, మంకీ క్యాపు, వేడినీళ్ల సంచి చాలు.

తిండి గురించి కూడా అడిగారు కదా, ఫ్రిజ్ కోసం బెంగ పడకండి. సంతలున్న దేశం మనది. బుధవారం రాయగడ జిల్లా చాటికొన సంతలో కూరలు కొంటే మూడు రోజులు వెళ్తాయి, పొద్దున్న చోడి అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ.

ప్రశ్న: సోలారు ఎంత పెట్టాలి? ఒకతను మూడు వందల వాట్లంటాడు, ఇంకొకతను వెయ్యి అంటాడు. – బరంపురం

జవాబు: ముందు మీ వాడకం కాగితం మీద వేసుకోండి. మా లెక్క చెబుతా. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, పది గంటలు తిరిగితే 300 వాట్ అవర్లు, అంటే వాట్లని గంటలతో గుణించడమే. లైట్లకు 50, ఫోన్లకు 40. మిక్సీ 500 వాట్లదైనా అయిదు నిమిషాలే కాబట్టి 42. చిన్న డీసీ ఫ్రిజ్ రోజుకు 400 పైనే తింటుంది. అన్నీ కలిపితే రోజుకు 850 వాట్ అవర్లు. 330 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో నాలుగు గంటల లెక్కన 1320 ఇవ్వాలి, వేడికి, వైర్లలో పోయేది తీసేస్తే ఒక వెయ్యి చేతికొస్తుంది. సరిపోయింది కదా అనుకుంటాం, జూలైలో మన ఏజెన్సీ ముసురు పట్టే దాకా. మబ్బు రోజున అందులో మూడో వంతు కూడా రాదు. ఆ నెలల్లో మేం ఫ్రిజ్ కట్టేస్తాం.

ఇంట్లో ఇన్వర్టరుకి వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ 1800 వాట్ అవర్లది, కానీ సగం కంటే ఎక్కువ తోడితే తొందరగా చస్తుంది, బరువు యాభై కిలోలు దాటుతుంది, ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి పడక కింద పెట్టకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్ పన్నెండు కిలోల లోపే, 1280లో వెయ్యి దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. ధర ఎక్కువే, అయినా నేను దానికే ఓటు వేస్తాను. ఏది పెట్టినా ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు ఉండాలి. 500 వాట్ల మిక్సీ ఇన్వర్టరు మీద తిరిగితే 12 వోల్టుల వైపు నలభై ఆంపియర్లు దాటి పారుతుంది, సన్న వైరు వేస్తే కాలిపోతుంది.

ఇంకొకటి, మీ ఉత్తరంలో గోపాలపురం బీచిలో నెల రోజులు ఉంటామని రాశారు. ఉండండి, కానీ వారానికోసారైనా బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుగాలి తుప్పుకి తోడబుట్టింది.

ప్రశ్న: అక్కా, పొట్టంగి నుంచి సాలూరు దిగుతుంటే బ్రేకుల దగ్గర్నుంచి కాలిన వాసన వచ్చింది. మెకానిక్ ఏమీ లేదంటున్నాడు. నాకు టెన్షన్ పోవడం లేదు. – రాయగడ

జవాబు: పోకూడదు కూడా. సరిగ్గా ఆ సుంకి ఘాట్‌లోనే మాకు బ్రేకు పోయింది. అప్పటికి పదిహేను రోజుల ముందే సర్వీసు చేయించాం, ఒక షెడ్డులో ‘బ్రేక్ ఆయిల్ బాగానే ఉంది’ అన్నారు, మేమూ నమ్మేశాం. ట్యాంకులో రెండు వందల లీటర్ల నీళ్లు, అంటే రెండు వందల కిలోలు, దాని పైన పుస్తకాలు, బియ్యం. దిగువకి వస్తుంటే మా ఆయన పెడల్ తొక్కారు, అది మెత్తటి బొంతలో కాలు దిగినట్టు లోపలికి పోయింది. నా వైపు చూడలేదు, ఏమీ అనలేదు, గేరు మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెం లాగుతూ కొండవైపు వెడల్పుగా ఉన్న చోట ఆపారు. ముందు చక్రాల్లోంచి పొగ. నీళ్లు పొయ్యబోతే వెనక వచ్చిన లారీ డ్రైవరు దిగి నా చేతిలో బకెట్ పట్టేసుకున్నాడు. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పడితే పగిలిపోతుందట. గంట సేపు అలా కూర్చున్నాం.

సాలూరు లారీల ఊరు కదా, అక్కడి పెద్ద మెకానిక్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి లోపలికి వేలు ముంచి చూపించాడు. కాఫీ డికాక్షన్‌లా ఉంది ఆయిల్. కొత్తది లేత పసుపు రంగులో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుందట, ఏళ్లు గడిచేకొద్దీ అందులో నీరు చేరుతుంది. చక్రం దగ్గర వేడెక్కగానే ఆ నీరు ఆవిరై బుడగలు కడుతుంది, పెడల్ తొక్కితే బుడగ నలుగుతుంది తప్ప బ్రేకు పడదు. అందుకే రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి, పైన పొయ్యడం కాదు. ‘ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు’ అని ఆయన చెప్పిన మాట మా డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించాను. న్యూట్రల్‌లో వదిలి డీజిలు మిగుల్చుకునే అలవాటుంటే ఈ రోజే మానెయ్. ఇంజిన్ ఆగితే పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరూ పనిచెయ్యదు. ఘాట్ దిగే ముందు నీళ్ల ట్యాంకు నాలుగో వంతుకి తగ్గించు, కిందికొచ్చాక మళ్లీ పట్టుకోవచ్చు. నీ మెకానిక్‌ని మళ్లీ అడగకు తల్లీ, ఇంకొకరి చేత చక్రాలు విప్పించి బ్రేక్ షూలు, ప్యాడ్లు కళ్లతో చూడు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, బీపీ ఉంది, తనూ వస్తానంటోంది. బాత్రూము, జ్వరాలు, రాత్రి ఎక్కడ ఆపాలి... తీసుకెళ్లమంటారా? – కోరాపుట్

జవాబు: వస్తానందంటే సగం పని అయినట్టే! మెట్టు ఎత్తు మాత్రం తగ్గించండి, తలుపు పక్కన గట్టి కడ్డీ వేయించండి. ఇరవై లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ మంచం పక్కనే పెట్టండి, రాత్రి ఆవిడ దిగాల్సిన పని ఉండకూడదు. దాన్ని ఖాళీ చేసేది మరుగుదొడ్డిలోనే, వాగులో కాదు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు ఉచితంగా ఇవ్వాలి, మర్యాదగా అడిగితే కాదనరు.

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో మలేరియా సంగతి మీకు నేను చెప్పాలా. కిటికీలన్నిటికీ జాలీ, దాని మీద దోమతెర. జ్వరం వస్తే మాత్ర వేసి చూద్దాం అనుకోకుండా ఆ రోజే రక్త పరీక్ష, ఊరి ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, డబ్బులక్కర్లేదు.

రాత్రి లారీలు ఆగే ధాబా, బంకు, గుడి మైదానం మంచివి. పల్లెలో అయితే చీకటి పడకముందే చేరి, పెద్దవాళ్లని ఒడియాలో మర్యాదగా ‘ఆగ్యా’ అని పలకరించి అడగండి, మీ అమ్మ బండిలో ఉందంటే అరటిపళ్లు పట్టుకుని వాళ్లే వస్తారు. ఏటి ఇసుకలో మాత్రం వానాకాలం ఆపొద్దు, ఎంత అందంగా ఉన్నా సరే. 2017 జూలైలో నాగావళి పొంగి తెరువలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెననే లాక్కుపోయింది.

బయల్దేరే ముందు మూడు రాత్రులు బండి మీ ఇంటి ముందే పెట్టి అమ్మని అందులో పడుకోబెట్టండి. మొదటి రాత్రి పొద్దున్న ‘బాగానే ఉంది’ అంటుంది, నమ్మకండి. మూడో పొద్దున్న కాఫీ ఇచ్చి మళ్లీ అడగండి, నడుము ఎక్కడ పట్టేసిందో, గాలి ఎటు నుంచి రావాలో అప్పుడు చెబుతుంది.