నరానికి సూది, నరాలకు మందు

సందేహం: నేను హనుమకొండలో ఒక ఆసుపత్రిలో నర్సును. ఫిట్స్‌తో వచ్చిన కుర్రాడికి మందు ఎక్కిస్తూ "నరానికి సూది ఇస్తున్నం" అన్నాను. పరకాల వైపు నుంచి వచ్చిన వాళ్లమ్మ బెదిరిపోయి "నరానికి వద్దు బిడ్డా, చెయ్యి పడిపోతది" అంది. మేం బంధువులకు ఇచ్చే కాగితంలో "సిరల ద్వారా కేంద్ర నాడీ వ్యవస్థకు ఔషధ సరఫరా" అని ఉంది. అది చదివి వినిపిస్తే ఇంకా అయోమయపడింది. నరం, నాడి, సిర – వీటిలో ఏది సరైనది? నరం అనడం తప్పా?

సమాధానం: నరం అనడం తప్పు కాదు. తప్పంతా ఆ కాగితంలోని వాక్యానిదే.

ముందు ఆ తల్లి భయం సంగతి. దాన్ని తెలియనితనమని కొట్టిపారేయకండి. పిరుదుకు వేసే సూది చోటు తప్పి తుంటి నరానికి తగిలితే పాదం పైకి లేవకుండా పోవడం వైద్యులకు తెలిసిన ప్రమాదమే. ఊళ్లో దాన్ని "నరం మీద సూది పడ్డది" అంటారు. మీరన్నది "నరానికి సూది". మీకు ఈ రెంటికీ హస్తిమశకాంతరం. ఆమెకు రెండింట్లోనూ నరమే వినబడింది. మీరు నెత్తురు పారే గొట్టం గురించి చెప్తే, ఆమె చెయ్యిని ఆడించే తీగ గురించి విన్నది.

ఇంత తికమక ఎందుకంటే, నరం చాలా పాత మాట. తమిళంలో నరంబు, కన్నడంలో నర, మనకు నరము. ఒంట్లో తాడులా, తీగలా కనిపించే ప్రతిదానికీ ఇదే పేరు. తమిళులు యాళ్ వాద్యం తీగను కూడా నరంబే అన్నారు. మెడ తిప్పలేకపోతే మనం "నరం పట్టేసింది" అంటాం, నిజానికి అక్కడ పట్టేసేది చాలాసార్లు కండ. ఇది మన భాషకు మాత్రమే ఉన్న లోపమనుకోకండి. గ్రీకులు న్యూరాన్ అన్నది మొదట్లో కండను ఎముకకు కట్టే బంధాన్ని, వింటినారిని. ఆ మాటే తర్వాత న్యూరాలజీకి ఎక్కింది. కోసి చూడకముందు పెట్టిన పేర్లు ఏ భాషలోనైనా ఇలాగే ఉంటాయి.

పేరు ఒకటే అయినా, వాడేవాళ్లు తేడా పాటిస్తూనే ఉన్నారు. ఆ మధ్య జ్వరమొచ్చి నేనూ రెండు రోజులు సెలైన్ పెట్టించుకున్నాను. సిస్టరమ్మ మోచేతి కింద రబ్బరు పట్టీ బిగించి, అరచేతి వెనక రెండు వేళ్లతో తట్టి, "పిడికిలి గట్టిగ పట్టు సార్, నరం దొరుకుతలేదు" అంది. రెండోసారి గుచ్చి "నరం జారింది" అంది. మూడోసారికి గొట్టంలో ఎర్రగా నెత్తురు కనబడ్డాక "దొరికింది" అంది. (నా చెయ్యి వారం దాకా నీలంగానే ఉంది, అది వేరే కథ.) దొరకడం, జారడం, పగలడం – ఈ క్రియలు పక్కన ఉంటే అది నెత్తుటి నరమే. గుంజడం, లాగడం, తిమ్మిరెక్కడం ఉంటే అది రెండో నరం. ఇంకో తేడా ఏకవచన బహువచనాలది. సూది పడేది ఒక నరానికి. డాక్టరు మాత్రం నరాల డాక్టరు, జబ్బు నరాల జబ్బు, బలహీనత నరాల బలహీనత. "నరానికి సూది, నరాలకు మందు" అంటే వార్డులో ఎవరికైనా తెలిసిపోతుంది. నరాలు తేలిన చేతులు అన్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది, ఒప్పుకుంటాను.

నాడి అని మార్చితే బాగుపడుతుందా? పడదు. బడి పుస్తకంలో నాడీ వ్యవస్థ అంటే మెదడు, వెన్నుపాము, వాటి నుంచి సాగే తీగలు. ఇంట్లో నాడి చూడటమంటే మణికట్టు పట్టుకోవడం, అక్కడ కొట్టుకునేది ధమని, అంటే గుండె నుంచి నెత్తురు మోసుకెళ్లే గొట్టం. సంస్కృతంలో నాడి అంటే బోలుగా ఉండే గొట్టం. అంటే పుస్తకం వాళ్లు గొట్టం పేరు తెచ్చి తీగకు పెట్టారు. ఇక సిర అంటే నెత్తురును గుండెకు తిరిగి తెచ్చే గొట్టం. అది శాస్త్రానికి కచ్చితమైన మాట, పదో తరగతి పరీక్షలో అదే రాయాలి. వార్డులో మాత్రం ఆ మాట అనేవాళ్లు నాకు తగల్లేదు.

ఇప్పుడు ఆ వాక్యానికి వస్తాను. "సిరల ద్వారా కేంద్ర నాడీ వ్యవస్థకు" అనడం అర్థంలోనే తప్పు. సిరలు మెదడుకు ఏమీ తీసుకుపోవు, అక్కడి నుంచి నెత్తురును వెనక్కి తెస్తాయి. చేతి సిరలోకి వెళ్లిన మందు గుండె కుడివైపుకు చేరి, ఊపిరితిత్తులు తిరిగి, గుండె ఎడమవైపుకు వచ్చి, అక్కడి నుంచి ధమనుల్లో మెదడుకు ఎక్కుతుంది. కాబట్టి సిరకు తగిన విభక్తి "ద్వారా" కాదు, "లోకి". సిరలోకి ఎక్కిస్తాం, రక్తం ద్వారా చేరుతుంది. ఇంగ్లీషులో ఉన్న ఒక చిన్న మాటకు తెలుగులో ఎప్పుడూ "ద్వారా" అనే రాసే అలవాటు వల్ల వచ్చిన తంటా ఇది.

"చేరుతుంది" అనడంలోనూ కాస్త జాగ్రత్త అవసరం. 1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల నెత్తుట్లోకి రంగు ఎక్కించి చూస్తే, ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకు మాత్రం అంటలేదు. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉండటమే కారణమని తర్వాత తేలింది. దీన్ని పుస్తకాల్లో రక్త–మెదడు అవరోధం అంటున్నారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు. అవరోధం అంటే అన్నిటినీ ఆపేది. ఇది కొన్నిటిని ఆపి కొన్నిటిని పంపుతుంది, పెళ్లింటి గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దమనిషిలాగ. చక్కెరను, ప్రాణవాయువును పంపుతుంది. ఫిట్స్‌కు ఇచ్చే లోరాజెపామ్‌కు కొవ్వులో కరిగే గుణముంది కాబట్టి దాన్నీ పంపుతుంది. డోపమిన్ అనే రసాయనాన్ని పంపదు, అందుకే మెదడులో అది తగ్గడం వల్ల వచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు లెవోడోపా ఇస్తారు, అది లోపలికెళ్లి డోపమిన్‌గా మారుతుంది. పెన్సిలిన్ మామూలప్పుడు చాలా కొద్దిగానే దాటుతుంది, మెదడు పొరలు వాచినప్పుడు ఎక్కువ దాటుతుంది. నన్నడిగితే దీన్ని "మెదడు కాపలా" అంటాను.

కేంద్ర నాడీ వ్యవస్థ అనే నాలుగు మూరల మాట కూడా ఇక్కడ అక్కర్లేదు. అది మెదడు, వెన్నుపాము, అంతే. వెన్నుపాము అని రాయబోయి వెన్నెముక అని రాయకండి, అది ఎముక.

మీ కాగితాన్ని ఇలా మార్చవచ్చు: "చేతి రక్తనాళంలోకి మందు ఎక్కిస్తాం. అది నెత్తుట్లో కలిసి గుండె మీదుగా మెదడుకు చేరుతుంది." ఆ తల్లికి నోటితో చెప్పేటప్పుడు "నెత్తురు నరం" అనండి. ఆ ఒక్క విశేషణం చాలు, "చెయ్యి పడిపోయే నరం కాదమ్మా, నెత్తురు పారే నరం" అని వేలితో చూపిస్తే ఇంకా మంచిది. రక్తనాళం అని రాసిన కాగితం చేతిలో పెట్టి, నోటితో నరం అన్నంత మాత్రాన మీ తెలుగుకు వచ్చిన నష్టమేమీ లేదు.