టెక్ సందేహాలు: ఎక్సెల్ అనోవాలో ‘ఇంటరాక్షన్’ వరస ఏం చెబుతోంది?

ప్రశ్న: ఆర్‌ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఉండే టూత్‌గ్రోత్ డేటాతో ఎక్సెల్‌లో టూ-వే అనోవా (రెండు అంశాల ప్రభావాన్ని ఒకేసారి పరీక్షించే పద్ధతి) చేశాను. 60 గినీ పిగ్స్‌కు విటమిన్ సిని ఆరెంజ్ జ్యూస్‌గానో, విడి ఆస్కార్బిక్ యాసిడ్‌గానో రోజుకు 0.5, 1, 2 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, పళ్ల ఎదుగుదలకు కారణమయ్యే కణాల పొడవు కొలిచిన డేటా ఇది. మూడు పి-వాల్యూలూ (నిజంగా ప్రభావం లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) 0.05 లోపే వచ్చాయి. ‘యాసిడ్ కంటే జ్యూస్ మేలు’ అని రిపోర్టులో రాయొచ్చా?

జవాబు: అలా రాయకండి. మీ టేబుల్‌లో మొదట చూడాల్సింది ‘ఇంటరాక్షన్’ వరస. అక్కడ ఎఫ్ (టెస్టు విలువ) 4.107, పి 0.0219 వచ్చి ఉండాలి. జ్యూస్‌కీ యాసిడ్‌కీ మధ్య తేడా డోస్‌ను బట్టి మారుతోందని దాని అర్థం. ‘శాంపిల్’ వరస చెప్పేది మూడు డోసులూ కలిపిన సగటుల సంగతి: జ్యూస్ 20.66, యాసిడ్ 16.96, తేడా 3.70. కానీ ఏ డోస్ దగ్గరా తేడా 3.70కి దగ్గరగా కూడా లేదు.

అవుట్‌పుట్ పైభాగంలోని ‘యావరేజ్’ వరసలు చూడండి. 0.5 దగ్గర జ్యూస్ 13.23, యాసిడ్ 7.98, తేడా 5.25. 1 దగ్గర 22.70, 16.77, తేడా 5.93. 2 దగ్గర 26.06, 26.14. అంటే తేడా లేనట్టే. ఈ ఆరు సగటులతో లైన్ చార్ట్ గీస్తే రెండు గీతలూ దూరంగా మొదలై 2 దగ్గర కలుస్తాయి. చివర్లో యాసిడ్ 0.08 పైన ఉంది కదా అని ‘గీతలు దాటుకున్నాయి’ అని మాత్రం రాయొద్దు.

ఇక ఏ డోస్ దగ్గర తేడా నిజమైనదో తేల్చాలి. దీనికి మూడు విడి టీ-టెస్టులు చేస్తుంటారు. అలా చేస్తే ఒక్కో టెస్టుకూ 20 జంతువుల సమాచారమే అందుతుంది. దానికంటే ‘వితిన్’ వరసలోని ఎంఎస్ (గ్రూపుల లోపలి హెచ్చుతగ్గుల కొలత) 13.15 వాడండి, అన్ని జంతువుల సమాచారంతో డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 54 దొరుకుతుంది. 13.15ని 2తో గుణించి, గ్రూపుకు ఉన్న 10తో భాగించి, వర్గమూలం తీస్తే 1.62. పోలికలు మూడు కాబట్టి 0.05ని 3తో భాగించి 54 డీఎఫ్‌కి రెండు వైపుల (టూ-టెయిల్డ్) టీ విలువ తీస్తే సుమారు 2.47. రెండూ గుణిస్తే 4.0. ఈ హద్దును 5.25, 5.93 దాటాయి, 0.08 దాటలేదు. రిపోర్టులో రాయాల్సిన మాట ఇదే: 0.5, 1 మిల్లీగ్రాముల దగ్గర జ్యూస్‌తో పొడవు ఎక్కువ, 2 దగ్గర తేడా కనబడలేదు.

ఇంటరాక్షన్ వచ్చినంత మాత్రాన మిగతా రెండు వరసలూ కొట్టేయనక్కర్లేదు. డోస్‌తో పాటు రెండు గీతలూ పైకే వెళ్తున్నాయి కాబట్టి ‘డోస్ పెరిగితే పొడవు పెరిగింది’ అన్న మాట ఉంచొచ్చు. 1 నుంచి 2కి వెళ్తే యాసిడ్‌లో 9.37, జ్యూస్‌లో 3.36 మాత్రమే పెరిగిందని పక్కనే చెప్పండి.

ప్రశ్న: ఇదే డేటాకు ఆర్‌లో ఇంటరాక్షన్ పి 0.0246 వచ్చింది. ఎందుకు?

జవాబు: డీఎఫ్ చూడండి, 2 బదులు 1 ఉంటుంది. ఆ ఫైల్‌లో డోస్ అంకెగా ఉంది. ఆర్ దాన్ని మూడు గ్రూపులుగా కాక ఒకే సరళరేఖగా తీసుకుంది. డోస్ కాలమ్‌ను ఫ్యాక్టర్‌గా (గ్రూపుల పేర్లుగా) మార్చి మళ్లీ నడిపితే 0.0219 వస్తుంది.

ప్రశ్న: నా అవుట్‌పుట్‌లో ఇంటరాక్షన్ వరసే లేదు.

జవాబు: ‘వితౌట్ రెప్లికేషన్’ ఎంచుకుని ఉంటారు. ‘టూ-ఫ్యాక్టర్ విత్ రెప్లికేషన్’ తీసుకోండి. డోసులు మూడు నిలువు వరసలుగా, జ్యూస్ 10 అడ్డ వరసలు, వాటి కింద యాసిడ్ 10 ఉండాలి. పై శీర్షికలనూ, ఎడమ పేర్లనూ కలిపి సెలెక్ట్ చేసి, ‘రోస్ పర్ శాంపిల్’లో 10 ఇవ్వండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఎక్సెల్ ఒప్పుకోదు. గ్రూపుల్లోని జంతువుల సంఖ్య సమానంగా లేని డేటాకు ఆర్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్ వాడాల్సిందే.