నచ్చిందన్న మాటకు పేజీ నెంబరు ఉండాలి

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఆమదాలవలస నుంచి నువ్వు పంపిన కాగితాలు అందాయి. ఈమధ్య చదివిన ఆరు పుస్తకాల మీద ఆరు అభిప్రాయాలు: కథల సంపుటి, నవల, కవిత్వం, మన ప్రాంత చరిత్ర, అనువాద డిటెక్టివ్ నవల, వ్యక్తిత్వ వికాసం. ఇన్ని రకాలు చదివే ఆకలి ఉండటం మంచిదే. చిక్కేమిటంటే ఆరింటికీ ఒకే మాటలు వాడేవు. ‘మనసును హత్తుకుంది’, ‘ఆపకుండా చదివించింది’, ‘అందరూ చదవాల్సిన పుస్తకం’. వీటిని కవిత్వం కింద నుంచి తీసి డిటెక్టివ్ నవల కింద అతికించినా ఎవరికీ తేడా తెలీదు. పుస్తకం పేరు చేత్తో మూసి చదివినా, ఇది ఫలానా దాని గురించేనని తెలియాలి.

ముందు చదివేటప్పటి పని చూసుకో. అట్ట లోపల ఒక తెల్లకాగితం పెట్టుకో. మూడు రకాల చోట్లే గుర్తు పెట్టు: చదవడం ఆపి ఆలోచించిన చోట, నమ్మకం కుదరని చోట, విసుగొచ్చిన చోట. పేజీ నెంబరు, పక్కన నాలుగు మాటలు చాలు. రెండొందల పేజీల పుస్తకానికి పదిహేను, ఇరవై గుర్తులు పడితే సరిపోతుంది. యాభై దాటాయంటే కనపడ్డదల్లా గీస్తున్నావు. ఐదు కూడా పడలేదంటే కళ్లు నడిచాయిగానీ బుర్ర నడవలేదు. పుస్తకం అయ్యాక రెండు రోజులు ఆగి, ఆ కాగితం చూడకుండా గుర్తున్నది రాయి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టు. నీకు గుర్తుండిపోయినవీ, నువ్వు గుర్తు పెట్టినవీ కలిసే చోట్లు మూడో నాలుగో ఉంటాయి. నీ వ్యాసానికి సరుకు అవే. అప్పుడు మొదటి ఇరవై పేజీలు మళ్లీ చదువు. ముగింపు తెలిశాక మొదలు వేరేగా కనిపిస్తుంది. రచయిత ముందే ఏం నాటి పెట్టారో, ఏం మరిచిపోయారో అక్కడే దొరికిపోతుంది.

కథల సంపుటి దగ్గర నువ్వు పదిహేను కథలకూ రెండేసి వాక్యాలు రాసేవు. అది విషయసూచిక. మూడు కథలు తీసుకో: బాగా కుదిరినది ఒకటి, కుదరనిది ఒకటి, ఆ రచయిత దేని చుట్టూ తిరుగుతున్నారో పట్టిచ్చేది ఒకటి. మిగతా పన్నెండూ ఒక పేరాలో పోతాయి. ఇంకోటి, సంపుటిని నవల్లాగా ఒక్క పూటలో లాగించేయకు. రోజుకు రెండు కథలు చాలు. నాలుగో కథకొచ్చేసరికి మొదటి కథలో మనిషి రెండో కథలోకి దూరిపోతాడు. నీ కాగితాల్లో అదే జరిగింది, ఒక పాత్రను రెండు కథల్లోనూ చావగొట్టేవు.

కథ కింద మొదట అచ్చయిన సంవత్సరం ఉంటుంది, చూడు. ఒకే సంపుటిలో ఇరవై ఏళ్ల ఎడంతో రాసిన కథలుంటే, ‘ఈ రచయిత ఇలా రాస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చడానికి లేదు. సంవత్సరం వెయ్యకపోతే నీకు శ్రీకాకుళం దగ్గరే. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయంలో కథలతో పాటు పాత పత్రికలూ ఉన్నాయి. అలాంటి చోటు ఇంత చేరువలో ఉన్నవాళ్లు తక్కువ. వాడుకో.

మాటల మధ్యలో ‘తెలుగులో మొట్టమొదటి కథ దిద్దుబాటు’ అనేశావు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే వచ్చింది. మన ఊరివాడని మమకారం ఉండొచ్చు, నాకూ ఉంది. కానీ ‘తొలి’, ‘ఏకైక’, ‘మొట్టమొదటి’ లాంటి మాటలు రాసే ముందు పెన్ను కింద పెట్టాలి. చూసి చెప్పగలిగితే చెప్పు, లేకపోతే కొట్టేయి. ఏ కూర్పు చదివావో చెప్పడం కూడా అంతే ముఖ్యం. ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయినప్పుడు ఐదంకాలు, 1909లో తిరగరాసినప్పుడు ఏడు. ఒకరు మొదటిది చదివి, ఇంకొకరు రెండోది చదివి మధురవాణి గురించి వాదించుకుంటే, ఆ వాదన తెల్లారినా తేలదు.

నవల గురించి రాస్తూ ‘ఉత్తరాంధ్ర యాస అద్భుతంగా పలికింది’ అన్నావు. ఏ పేజీలో? ఎవరి నోట? యాస రాయడమంటే ‘చెప్పు’ని ‘సెప్పు’ చేయడమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు పని క్రియ చివర ఉంటుంది. ‘వచ్చేశాడు’ అనే చోట ‘ఒచ్చీసినాడు’ అంటారా లేదా? ‘వదిలెయ్’ అనే చోట ‘ఒగ్గీ’ వచ్చిందా? ‘నాను’, ‘ఏటి’ మొదటి అధ్యాయంలో కనిపించి మూడో అధ్యాయానికి మాయమైపోయాయా? రైతు నోట ఒక్క ‘ఆయ్’ పడిందంటే ఆ మనిషి గోదావరి నుంచి దిగినట్టే. పైగా టౌన్లో గుమస్తా ఇంటి మాట, గరివిడి వైపు రైతు ఇంటి మాట, భావనపాడు ఒడ్డున వల లాగేవాడి మాట ఒకటి కావు. అందరి చేతా ఒకే యాస పలికిస్తే అది అచ్చుపోసిన యాస. కొండ మీద కథ అయితే ఇంకా జాగ్రత్తగా చూడు. సవర భాష ముండా కుటుంబానిది, తెలుగుకు చుట్టం కాదు. సవర ముసలమ్మ సంతలో వచ్చీరాని తెలుగు మాట్లాడితే సరే. సొంత మనవడితో, సొంత ఇంట్లో కూడా అదే ముక్కల తెలుగు మాట్లాడుతోందంటే, రచయిత ఆమెను సంతలో తప్ప ఎక్కడా చూడలేదన్నమాట. ఇది నువ్వు రాయదగ్గ మాట. నీ ప్రాంతం కాని పాఠకుడికి ఇది తట్టదు.

చరిత్ర పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెట్టు. ఆధారాల జాబితా, పాదసూచికలు చూసి, ఆ తర్వాత మొదటి పేజీకి రా. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. దాని గురించి కథకులు పాడుకునే కథ ఒకటి ఉంది, ఓర్మ్ అనే ఇంగ్లీషువాడు రాసిన చరిత్ర ఒకటి ఉంది. రెండూ ఒకటి కావు. పుస్తకం రెండిటినీ కలిపి వండేసి, ఏది ఎక్కడిదో చెప్పకపోతే, అది చరిత్ర కాదు, వీరగాథ. వీరగాథగా బాగుంటే అలాగే మెచ్చుకో. నువ్వేమో ‘రక్తం ఉడికింది’ అని ఆగిపోయావు. ఒక చిన్న పరీక్ష చెయ్యి: పుస్తకంలో మూడు తేదీలు ఎంచి, వేరే పుస్తకంతో సరిచూడు. 1794 పద్మనాభం యుద్ధం లాంటి అందరికీ తెలిసిన తేదీ తప్పిందంటే, తెలియనివాటిని నమ్మడం కష్టం. అప్పుడు ఆ సంగతి పేజీతో సహా రాయి, వెటకారం వద్దు.

కవిత్వం మూడుసార్లు చదవాలి, అందులో ఒకసారి గొంతెత్తి. కవితను వచనంలో విప్పి చెప్పకు, విప్పితే మిగిలేది పిప్పే. ఒక చిన్న కవితలోంచి నాలుగు పాదాలు ఎత్తి చూపి, ఏ మాట దగ్గర ఊపిరి ఆగిందో చెప్పు.

డిటెక్టివ్ నవలకు ఒకటే ప్రశ్న: చివర్లో బయటపడ్డ ఆధారం ముందెక్కడైనా పాఠకుడి కళ్ల ముందు పెట్టారా? దీనికి జవాబు హంతకుడెవరో చెప్పకుండానే ఇవ్వొచ్చు. నువ్వు రెండో పేరాలోనే చెప్పేశావు, పుణ్యం కట్టుకున్నావు! ఏ పుస్తకమైనా కథ మొదటి పావువంతు దాటి చెప్పకు. అది అనువాదం కూడా కాబట్టి అనువాదకుల పేరు, మూలభాష, నేరుగా మూలం నుంచి చేశారా, ఇంగ్లీషు మీదుగానా అన్నది మొదటి పేరాలోనే వెయ్యి.

వ్యక్తిత్వ వికాసం పుస్తకమైతే అందులో ఒక సలహా వారం రోజులు పాటించి చూసి రాయి. అంతకంటే దానికి శ్రమ అక్కర్లేదు.

కొలత ఐదారు వందల మాటలు. పైన పుస్తకం, రచయిత, ప్రచురణ, సంవత్సరం, పేజీలు, వెల. పుస్తకంలోంచి ఎత్తి రాసే ముక్కలు రెండు మించకూడదు. రచయిత తెలిసినవారైనా, పుస్తకం ఊరికే పంపినా, ఆ ముక్క ఒక వాక్యంలో చెప్పేయి. దాచితే తర్వాత నీ మెచ్చుకోలు ఏదీ చెల్లదు. బాగోలేదనే చోట ‘నాకు నచ్చలేదు’ అని తప్పించుకోకు, ఏ పేజీలో ఏం తప్పిందో చెప్పు. ‘బాగుంది’కి కూడా అదే లెక్క.

ముందు నవల మీద రాసింది తిరగరాసి పంపు. యాస గురించి నీకు చెవి ఉంది, ఆ సంభాషణలు పైకి చదివి చూసుకో. తర్వాత కథల సంపుటి. కవిత్వం మీద రాసింది ఇంకో నెల పక్కన పెట్టు. ఈసారి కాగితానికి ఒకవైపే రాసి, కుడివైపు రెండంగుళాలు వదులు, నేను గీతలు పెట్టడానికి చోటు కావాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి