పాతతరం కామిక్ చిత్రకారులు పేజీని అచ్చు సైజు కంటే పెద్దగా ఎందుకు గీసేవారు?

కుదించి అచ్చేస్తే గీతలో వణుకు, అంచుల గరుకు కనపడవు కాబట్టి. అమెరికాలో కామిక్ చిత్రకారుడు జాక్ కిర్బీ తరం 1960లలో చాలాకాలం సుమారు 12.5 × 18.5 అంగుళాల్లో గీసింది. దశాబ్దం చివర్లో అది 10 × 15కి తగ్గింది.

అసలు చిక్కు సన్నగీతలతోనే. 10 × 15 పేజీ అచ్చులో మూడింట రెండొంతులవుతుంది: 0.3 మి.మీ. గీత 0.2కి దిగుతుంది, నీడ చూపడానికి పక్కపక్కనే గీసే గీతల మధ్య సందులూ అంతే. నాసి న్యూస్‌ప్రింట్‌పై సిరా పాకి ఆ సందులు పూడిపోతే నీడ కాస్తా నల్లమరకే. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు సందును గీత కంటే వెడల్పుగా వదులుతారు, చిక్కటి చీకటైతే కుంచెతో నిండుగా పూసేస్తారు.

సిరాకు ముందు లేత నీలం పెన్సిల్‌తో గీస్తే చెరపక్కర్లేకపోయేది, అచ్చు కెమెరా ఫిల్మ్‌కి అది ఆనేది కాదు. మామూలు పెన్సిలైతే సిరా పూర్తిగా ఆరాకే రబ్బరు; తొందరపడితే నలుపు వెలిసిపోతుంది.