తాళం లెక్క తెలిసిన సాఫ్ట్‌వేర్‌కి మిక్సర్ ఎందుకు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. చిన్నప్పటి నుంచి మృదంగం నేర్చుకుంటున్నాడు. స్నేహితుడితో కలిసి తాళం సాధన చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాడు. కర్ణాటక సంగీతం ఒక్కటే అయితే ఎవరూ కొనరనీ, రికార్డింగ్, మిక్సింగ్, సినిమా బీట్లు అన్నీ ఉంటేనే కంపెనీలు చూస్తాయనీ సీనియర్లు చెప్పారట. అప్పట్నుంచి రాత్రిళ్లు అదే పని. ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ కూడా పడింది. మాన్పించమంటారా? పైగా లక్ష రూపాయల లాప్‌టాప్ అడుగుతున్నాడు.

జవాబు: మాన్పించకండి. సీనియర్లు చేర్చమన్నవి మాత్రం తీసేయమనండి. రాత్రిళ్లు తినేస్తున్నవి అవే.

రికార్డింగ్ కావాలంటే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది. మిక్సింగ్‌కి రీపర్ ఉంది, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. బీట్లకి ఎఫ్‌ఎల్ స్టూడియో 1997 నుంచీ ఉంది, ఒకసారి కొన్నవాళ్లకి తర్వాతి వెర్షన్లు ఉచితం. ఇద్దరు కుర్రాళ్లు సెమిస్టర్ పరీక్షల మధ్య వీటితో పోటీకి దిగితే, మహా అయితే వాటికి నాసిరకం నకలు తయారవుతుంది. ఆ నకలు ఎవరు కొంటారో ఆ సీనియర్లనే అడగమనండి.

వీటిలో లేనిదేమిటో మీ అబ్బాయికి మృదంగం ముందు కూర్చున్నప్పుడల్లా తెలుస్తూనే ఉంటుంది. ఆదితాళంలో ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, ఎనిమిది అక్షరాలు. చతురశ్ర గతిలో అక్షరానికి నాలుగు చొప్పున 32 మాత్రలు. అయిదు మాత్రల ‘తదిగిణతొం’ మూడుసార్లు, మధ్యలో రెండేసి మాత్రల విరామంతో తీర్మానం (ముగింపు జతి) వేస్తే 19 మాత్రలు. అది సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద పడాలంటే 13 మాత్రలు పోయాక మొదలెట్టాలి. అదే కీర్తన ఎత్తుగడ, అంటే పాట అందుకునే చోటు, సమం నుంచి ఒకటిన్నర అక్షరం (ఆరు మాత్రలు) తర్వాత ఉంటే 19 మాత్రలు పోయాక. గతి తిశ్రానికి (అక్షరానికి మూడు మాత్రలు) మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. స్టూడియో సాఫ్ట్‌వేర్లలో ఏడు దెబ్బలో, అయిదు దెబ్బలో పెట్టుకోవచ్చు. కానీ ఎత్తుగడ అన్నదే వాటి ఊహలో లేదు. విద్యార్థి వాయించింది విని ‘రెండు మాత్రలు ముందు పడ్డావు’ అని చెప్పగలిగితే, గురువుగారు లేనప్పుడు ఇంట్లో చేసే సాధనకి అంతకన్నా ఏం కావాలి? ఈ ఒక్క పని తప్పు లేకుండా చేయడానికే ఒక ఏడాది పడుతుంది.

ఒక్కదానితో మొదలైతే ఎదగదన్న భయం ఉంటే ఏబుల్టన్ లైవ్ సంగతి చెప్పండి. 2001లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ స్టేజీ మీద లూపుల్ని (పదేపదే తిరిగే శబ్దం ముక్కల్ని) అప్పటికప్పుడు మార్చుకుంటూ వాయించేవాళ్ల కోసం పుట్టింది. అందులో మొదట మిడి (కీబోర్డు లాంటి వాద్యాల స్వరాలను కంప్యూటర్‌కి అందించే పద్ధతి) కూడా లేదు, 2004లో నాలుగో వెర్షన్‌తో వచ్చింది. ఈ రంగంలో మిడి లేకపోవడమంటే చిన్న లోటు కాదు. అయినా తన పనిలో తిరుగు లేదు కాబట్టి నిలిచింది, మిగతావి తర్వాత చేరాయి. ఆటో-ట్యూన్ చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణకి భూమిలోకి పంపిన ప్రకంపనల సంకేతాల మీద పనిచేసిన మనిషి. ఆ గణితాన్నే గొంతు శృతి సరిచేయడమనే ఒక్క పనికి వాడి 1997లో విడుదల చేశాడు.

రికార్డింగూ మిక్సింగూ అడిగేవాళ్లు ఉంటారు, కాదనను. వాళ్ల కోసం దీన్ని ప్లగిన్‌గా, అంటే వేరే సాఫ్ట్‌వేర్ లోపల నడిచే భాగంగా చేస్తే చాలు. అలాంటి ప్లగిన్ల కోసం వీఎస్‌టీ అనే పద్ధతి 1996 నుంచీ ఉంది. సీ ప్లస్ ప్లస్, ఆడియో ప్రోగ్రాములు రాయడానికి వాడే జ్యూస్ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటే రీపర్ లోపలే ఇతని తాళం నడుస్తుంది, మిక్సర్ బాధ రీపర్ పడుతుంది. ఉద్యోగానికి పనికొచ్చే చదువు కూడా ఇదే.

ఇక సలహాలు సీనియర్ల దగ్గర కాదు, వాయించేవాళ్ల దగ్గర తీసుకోమనండి. ఆంధ్రా యూనివర్సిటీలో సంగీత విభాగం ఉంది. పక్కనే విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది. అక్కడి విద్యార్థుల చేతికి ఇచ్చి, పక్కన నోరు మెదపకుండా కూర్చోమనండి. ఎక్కడ తడబడ్డారో, ఏ బటన్ అసలు ముట్టుకోలేదో రాసుకుంటే తర్వాత చేయాల్సిన పని అదే తేలుతుంది.

ఉద్యోగం సంగతి నిక్కచ్చిగా చెప్తాను. ఆడియో ప్రోగ్రామింగ్ కొలువులు తక్కువ, విశాఖలో మరీ తక్కువ. దీని మీదొచ్చే డబ్బుతో ఇల్లు నడుస్తుందని ఇప్పుడు అనుకోవద్దు. బ్యాక్‌లాగ్ ముందు తీర్చాలి, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వదలకూడదు. అయితే ఇంటర్వ్యూలో ‘అన్నీ కొంచెం కొంచెం చేశాను’ అనే కుర్రాడికన్నా, దెబ్బ పడిన క్షణాన్ని మైకు నుంచి ఎలా పట్టుకున్నాడో అరగంట వివరించేవాడికే నేనైతే మార్కులు వేస్తాను. పైచదువు ఆలోచన ఉంటే బార్సిలోనాలోని పాంపియు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో ధ్వని, సంగీత కంప్యూటింగ్‌లో మాస్టర్స్ ఉంది. సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడానికి 2011లో అక్కడ మొదలైన కాంప్‌మ్యూజిక్ పరిశోధనలో కర్ణాటక సంగీతం ఒక ముఖ్య భాగం. అలాంటి చోట దరఖాస్తులో మృదంగం అదనపు అర్హత అవుతుంది. మీరేమో దాన్ని చదువుకి అడ్డం అనుకుంటున్నారు!

లాప్‌టాప్ ఇప్పుడు కొనకండి, మిక్సర్ తీసేశాక ఉన్నది సరిపోతుంది. ఒక మామూలు మైకు, వైరున్న ఇయర్‌ఫోన్లు కొనివ్వండి. బ్లూటూత్‌వి వద్దు, వాటిలో శబ్దం ఆలస్యంగా చెవికి చేరి, సరిగ్గా వేసిన దెబ్బ కూడా తప్పుగా తేలుతుంది.