రేకు సిపాయిలకు ప్రాణం పోసేది నీడలే

ప్రశ్న: 1757లో ప్రష్యా, ఆస్ట్రియా సైన్యాల మధ్య జరిగిన ల్యూథెన్ యుద్ధాన్ని బొమ్మలతో ఆడదామని 30 మిల్లీమీటర్ల ఎత్తున్న చదును తగరపు సిపాయిలు తెప్పించాను. కోటుకి నీలం రంగు వేస్తే కాగితం ముక్కల్లా ఉన్నారు, పైగా బేస్ మీంచి ఊడిపోతున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కోడంబాకం, చెన్నై

జవాబు: మీరు కొండపల్లి బొమ్మకి వేసినట్టు వేశారు. దానికి గుండ్రదనం ఉంది కాబట్టి నీడ తనంతట తనే పడుతుంది, మీ సిపాయి మందం మిల్లీమీటరుకి అటూఇటూ, అంటే నీడని మీరే గీయాలి, పటం గీసినట్టు. వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోందని అనుకుని పటాలం మొత్తానికీ అదే పాటించండి. ప్రష్యన్ కోటుకి ముందు బాగా ముదురు నీలం, ఆరాక ఎడమ భుజం మీద, చేతి మడతల అంచున లేత నీలం సన్నగా లాగండి. తెల్ల బెల్టు కింద ఒక్క ముదురు గీత పడితే చాలు, ఆ బెల్టు ఛాతీ మీంచి లేచి వస్తుంది, నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

వానాకాలంలో మన ఊళ్ళో స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వద్దు, తేమకి పొడిపొడిగా దిగుతుంది, బ్రష్‌తోనే వేయండి.

ఊడిపోవడానికి కారణం పాదాల కింది పలక నున్నగా ఉండటం. అడుగున తడి ఎమరీ కాగితంతో రుద్ది (సీసం కలిసి ఉండొచ్చు, చేతులు కడుక్కోండి), సూపర్ గ్లూతో మందపాటి అట్టకి అతికించి, పలక అంచు కనబడకుండా ఫెవికాల్, ఇసుక వేయండి. మెరీనా ఇసుకైతే మంచినీళ్ళలో మూడుసార్లు కడిగి ఎండబెట్టాకే, ఉప్పు లోహాన్ని తినేస్తుంది. నలుగురిని ఒకే అట్ట మీద కొంచెం ముందూ వెనకగా నిలబెడితే ఆటలో అట్టనే పట్టుకుని జరపొచ్చు, రంగు చెదరదు.